గునపం దిగిన చోటు

పొద్దున ఆరింటికి మ్యూజియం తలుపు తెరుచుకుంటే, ఆ కిర్రుమనే చప్పుడుకి మూడు వీధుల అవతల కోడిపుంజు ఉలిక్కిపడి, తనకన్నా ముందు లేచిందెవరా అని సిగ్గుపడి, ఆ సిగ్గుతోనే కూసేది. తలుపు తీసేది కోడలు. ఊళ్లో కోడళ్లకి కొదవ లేదు గానీ, ఉత్తి "కోడలు" అన్నారంటే మాత్రం మ్యూజియం తాత కోడలే. ఆవిడ చీపురు పట్టిందంటే మట్టి నేల అద్దమైపోయేది. దాని మీద వాలాలంటే ఈగైనా కాళ్లు కడుక్కుని రావాలి. కడుక్కోవడానికి ఊళ్లో నీళ్లు లేవు గనక ఈగలు రావడమే మానేశాయి.

మ్యూజియం అంటే మేడలూ మిద్దెలూ అనుకునేరు. ఒకప్పటి ధాన్యం కొట్టు అది. ముందు ఒక పొడుగాటి గది, వెనక తాతా కోడలూ వండుకుని పడుకునే చిన్న గది, పైన పెంకులు, కింద మట్టి. పొడుగాటి గదిలో గోడల వెంట బల్లలు, బల్లల మీద నూట నలభై రెండు వస్తువులు. రాజుల కత్తులూ కిరీటాలూ కావు. ఆ ఊళ్లో ఒక మనిషి పోతే, బతికున్నన్నాళ్లూ ఆ చెయ్యి దేన్ని పట్టుకుని అరిగిందో దాన్ని తెచ్చి అక్కడ పెట్టేవాళ్లు. కమ్మరి సుత్తి. మంత్రసాని కత్తెర. పంతులమ్మ కొట్టిన బడి గంట. బండివాడి చక్రం. ఒకావిడ జీవితమంతా తలుపు సందులోంచి వీధిని కనిపెట్టిందని, ఆవిడ పోయాక ఆ తలుపు గొళ్లెం ఊడదీసి తెచ్చి పెట్టారు.

దేని కిందా చీటీ లేదు. ఫలానా వస్తువు, ఫలానా వాళ్లది అని ఒక్క అక్షరం లేదు. తాత ఉండగా చీటీ ఎందుకు? వెనకటికి పోస్టుమాస్టరు ఒకాయన, చదువుకున్నవాడు గదా పాపం, నోరు జారాడు. "తాతా, ఒక్కోదాని కిందా ఒక్కో చీటీ పెడితే బాగుంటుందేమో."

తాత ఆయన్ని అరికాలి నుంచి నడినెత్తి దాకా చూసి, "మీ ఆవిడ మెళ్లో చీటీ కట్టారా బాబూ, ఫలానా వారి భార్య అని?" అన్నాడు.

పోస్టుమాస్టరు బతికుండగా మళ్లీ ఆ గడప తొక్కలేదు. పోయాక ఆయన ముద్ర మాత్రం వచ్చి ఎనభై ఏడో వస్తువుగా కూర్చుంది.

తాత జ్ఞాపకమంటే అంతటిది. ఒకసారి ఒక్క మేకు గురించి కథ ఎత్తుకుంటే మూడు రోజులు సాగింది. దారిన పోయే బస్సు ఆగింది, డ్రైవరు దిగాడు, కండక్టరు దిగాడు, అరవై మంది ప్రయాణికులూ దిగారు. మూడో రోజు సాయంత్రం మేకు గోడలోకి దిగేసరికి బస్సు చక్రాల చుట్టూ మోకాలెత్తు గడ్డి మొలిచింది. ఎక్కడికి బయల్దేరారో మర్చిపోయి ఇద్దరు ప్రయాణికులు ఆ ఊళ్లోనే ఉండిపోయారు. వాళ్లలో ఒకావిడే ఇప్పటి టైలరక్క.

ఇదంతా తాత గొప్పకి చేసిన పని కాదు. అవసరం. ఒక వస్తువు గురించి చెప్పే నోరున్నంత కాలమే అది నేల మీదుంటుంది. నోరు పోతే లేస్తుంది. ఇందులో వింతేముంది? పొగ లేవడం లేదూ, ఆవిరి లేవడం లేదూ, అలాగే ఇదీను. పూర్వం పోయినవాళ్ల చెప్పులూ గిన్నెలూ ఇళ్లలోంచి లేచి కిటికీల గుండా పోయేవి. పొలంలో కలుపు తీసేవాళ్లు తలెత్తి, "అదుగో, పెద్దింటి ముసలమ్మ ఇత్తడి చెంబు పోతోంది" అని మళ్లీ తల దించుకుని పని చేసుకునేవాళ్లు. అలా పోగా పోగా, పైన గట్టి కప్పూ కింద గట్టి నోరూ ఉన్న చోటు ఒకటి కావాలని మ్యూజియం పెట్టుకున్నారు. కప్పు ధాన్యం కొట్టుది. నోరు తాతది.

ఆ నోటికి చెదలు పట్టింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక సోమవారం తాత లాంతరు ముందు నిలబడి, "ఇది... ఇది..." అని ఆగిపోయాడు. లాంతరు బల్ల మీంచి వేలెడు లేచి, మొహమాటపడుతున్నట్టు అటూ ఇటూ ఊగింది. కోడలు దాన్ని పురికొసతో మేకుకి కట్టింది. వారం తిరక్కుండా రేడియో, కత్తెర, పోస్టుమాస్టరు ముద్ర. నెల తిరిగేసరికి బండి చక్రం కూడా లేచి, కప్పు కింద తీరిగ్గా తిరుగుతోంది. కోడలు కొట్టుకి వెళ్లి పురికొస అడిగితే, కొట్టాయన, "మళ్లీనా? నువ్వు కట్టిన కొస అంతా ముడేస్తే చందమామకి మూడు చుట్లు వస్తుందమ్మా" అన్నాడు. అన్నాడు గానీ ఇచ్చాడు.

ఊళ్లోవాళ్లని పిలిచి చెప్పమంది. వచ్చారు. గుమ్మంలో నిలబడి తల గోక్కున్నారు. "తాత చెప్పేవాడుగా... సుత్తి కథ... మొదట్లో ఓ దున్నపోతు వస్తుంది... అక్కడ మేం నవ్వేవాళ్లం, ఆ తర్వాత మరి..." ముప్పై ఏళ్లు విన్నారు. విన్నది తాత గొంతుని, తాత చేతులు తిప్పడాన్ని. కథ ఎవరూ ఇంటికి పట్టుకెళ్లలేదు. రేపు మళ్లీ చెప్తాడులే అనుకున్నారు.

ఇవన్నీ కోడలు తట్టుకుంది. తట్టుకోలేనిది నూట నలభై రెండో వస్తువు.

అది గునపం. నిలబెడితే మనిషెత్తు. ఆ ఊరి మగాళ్లలో నలుగురు కలిస్తే గానీ లేవదు గానీ, దాని యజమాని మాత్రం పుల్లలా భుజాన వేసుకుని నడిచేవాడు. అతను తాతకి ఒక్కగానొక్క కొడుకు, కోడలికి మొగుడు. బావులు తవ్వేవాడు. చెవి నేలకి ఆనించి, కింద నీళ్లు ఏ పక్కకి ఒత్తిగిలి పడుకున్నాయో చెప్పేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఊరి బయట కొత్త బావి తవ్వుతూ, మొన మొద్దుబారిందని గునపాన్ని తాడుకి కట్టి పైకి పంపాడు, పదును పెట్టించమని. గునపం పైకి వచ్చింది. బావి గోడలు లోపలికి పోయాయి. మనిషిని తీయడానికి ఊరంతా పదకొండు రోజులు తవ్వింది. మట్టే వచ్చింది. అతనికి ఫొటో తీయించుకోవాలంటే సిగ్గు. ఇంట్లో ఒక్కటి లేదు. మొన మొద్దుబారిన ఈ గునపమొక్కటే మిగిలింది. గదిలో ఎవరూ లేనప్పుడు కోడలు దాని నడుం మీద, అతని చేతులు అరగదీసిన చోట, తన చెయ్యి వేసి నిలబడేది. అంతకు మించి ఆవిడకి కాపురం లేదు.

తాత గునపం కథ చెప్తుంటే రాళ్లు ఏడ్చేవి. "నా కొడుకు ఊరి దాహం చూడలేకపోయాడు! ఎవరూ పంపకుండా, ఎవరూ అడక్కుండా తనంతట తానే దిగాడు! మూడు తాటిచెట్ల లోతు దిగాడు! పాతాళం వాణ్ణి చూసి ముచ్చటపడి ఇల్లరికం ఉంచేసుకుంది!" అనేవాడు. ఆ మాట దగ్గర జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. కోడలు మాత్రం చీపురు పట్టుకుని వెనక గదిలోకి పోయేది.

ఒక పొద్దున తాత గునపం ముందుకొచ్చి ఆగాడు.

"ఇది ఎవరిదమ్మా?"

"మీ అబ్బాయిది మామయ్యా."

"నాకు అబ్బాయున్నాడా?"

కోడలు చీపురు గోడకి ఆనించింది. "ఉండేవాడు."

"మంచివాడేనా?"

"మంచివాడే మామయ్యా."

"అయితే సరే" అని తాత కుర్చీలో కూర్చున్నాడు. గోడకి ఆనించిన గునపం, నిద్రలోంచి లేస్తున్న మనిషిలా, నెమ్మదిగా నేల విడిచింది.

అదే వారం పంచాయతీ ప్రెసిడెంటు వచ్చాడు. కండువాతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. "అమ్మాయ్, వచ్చే సోమవారం నుంచి నీళ్ల ట్యాంకరు రాదు. చేతులెత్తేశారు. హైవే పక్కన కాలనీలో అందరికీ తలా ఒక గది ఇచ్చారు, కుళాయిలున్నాయి. ఊరు సగం వెళ్లిపోయింది, చూస్తున్నావుగా. ఆదివారం పొద్దున ఆఖరి లారీ. నువ్వూ తాతా సర్దుకోండి."

"ఇవన్నీ?"

ప్రెసిడెంటు తలెత్తి కప్పు కింద తిరుగుతున్న చక్రాన్ని చూశాడు, పురికొసలకి వేలాడుతున్న వాటిని చూశాడు. "లారీలో వేసుకో. చోటుంది."

చోటు సంగతి కాదు. మ్యూజియం గుమ్మం నుంచి లారీ తొట్టి దాకా ఆరడుగులు. ఆ ఆరడుగుల మీద కప్పు లేదు, ఆకాశం ఉంది. ప్రెసిడెంటు నమ్మకంగా, "గట్టిగా పట్టుకుంటే ఏం పోతుంది? చూడు" అని లారీ డ్రైవర్ని పిలిచి బడి గంట చేతికిచ్చాడు. డ్రైవరు కండలు తిరిగిన మనిషి. లారీ టైరుని విలాసంగా వేలికి తగిలించుకుని తిరిగేవాడు. గంటని రెండు చేతులా వాటేసుకుని గుమ్మం దాటాడు. మూడో అడుగులో అతని మడమలు లేచాయి, నాలుగో అడుగులో వేళ్లు లేచాయి. "ఓలమ్మో" అని వదిలేశాడు. గంట మోగుతూ పైకి పోయింది. మధ్యాహ్నం దాకా వినిపిస్తూనే ఉంది. ఊళ్లో మిగిలినవాళ్లు మూటలు కట్టుకుంటూ, "గంట పోయినట్టుంది" అనుకున్నారు.

కోడలు లోపలికొచ్చి గునపం చుట్టూ చేతులు వేసింది. అప్పటికే అది మోకాలెత్తున ఉంది.

ఆ తర్వాత ఆవిడ చెయ్యని పని లేదు. గునపాన్ని ఇనప గొలుసుతో రోలుకి కట్టింది. తెల్లారేసరికి రోలు కూడా జానెడు లేచి ఉంది. తాతని దాని ముందు కూర్చోబెట్టి, తినిపించి, బతిమాలి, "మూడు తాటిచెట్ల లోతు దిగాడు మామయ్యా, గుర్తు తెచ్చుకోండి, ఆ తర్వాత?" అని అడిగింది. తాత మర్యాదగా విని, "బాగా చెప్తున్నావమ్మా, ఎవరి తాలూకు నువ్వు?" అన్నాడు. అంత ఓర్పున్న మనిషీ ఒక్కసారి అరిచింది. తాత భయపడి చిన్నపిల్లాడిలా మోచేత్తో మొహం దాచుకున్నాడు. ఆవిడ ఆయన కాళ్ల దగ్గర కూలబడి, ఆ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన, ఎవరో ఏమిటో తెలియకపోయినా, తల నిమిరాడు.

శనివారం టైలరక్క వచ్చింది, మూటా ముల్లే కట్టేసుకుని, కుట్టుమిషను లారీకి ఎక్కించేసి. వాళ్ల వీధిలో మిగిలిన ఆఖరి మనిషి ఆవిడే. నోరు కత్తెరకన్నా పదును, మనసు దూదికన్నా మెత్తన.

"ఒసేయ్, అందర్నీ అడుగుతావు, నువ్వే చెప్పొచ్చుగా? నీ మొగుడి గునపం నువ్వు చెప్పడానికి ముహూర్తం చూడాలా?"

"నాకు చెప్పడం రాదక్కా."

"మొగుణ్ణి తిట్టడం వచ్చుగా? అదే నోరు. కానీ."

కోడలు కొంగు బిగించి గునపం ముందు నిలబడింది. తాత మాటలే ఎత్తుకుంది. "ఊరి దాహం చూడలేకపోయాడు. ఎవరూ పంపకుండా, తనంతట తానే..." గునపం నిట్టూర్చినట్టు కదిలి, గొలుసుని ఖంగుమని తెంపుకుని, తలెత్తున లేచింది. రోలు ధబీమని కింద పడింది.

టైలరక్క కళ్లజోడు సర్దుకుంది. "చెప్తే దిగాలి గదే? లేస్తోందేంటి?"

కోడలు తెగిన గొలుసు ముక్కలు ఏరుకోసాగింది.

టైలరక్క గడ్డం పట్టుకుని ఆవిడ మొహం పైకెత్తింది. "తాత అదే మాట చెప్తే తొమ్మిదేళ్లు కిందుంది. తాత నమ్మి చెప్పాడు. అబద్ధమని తెలియనివాడు చెప్పే అబద్ధానికి నిజమంత బరువుంటుంది. నీ నోట్లో అది పొట్టులా ఎగిరిపోయిందంటే నీకేదో తెలుసు. ఏంటే అది?"

"ఏం లేదక్కా."

"నువ్వు కుట్టేసుకున్న నోరు విప్పడానికి నా దగ్గర కత్తెర లేదమ్మా" అని టైలరక్క లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అంది, "రేపు పొద్దున్న దాకానే టైము."

ఆదివారం ఎండ ఎనిమిదింటికే పెంకులు పగలగొడుతోంది. లారీ గుమ్మం ముందు ఇంజను ఆపకుండా నిలబడింది. ఊరి మొత్తానికి మిగిలింది ఏడుగురు మనుషులు, రెండు మేకలు. తాతని ఎక్కించడానికి ప్రెసిడెంటు లోపలికొచ్చాడు. తాత కుర్చీ కోళ్లు పట్టుకుని, "మ్యూజియం తెరిచి ఉండగా ఎక్కడికి రమ్మంటావురా?" అన్నాడు. అన్నీ మర్చిపోయిన మనిషి ఆ ఒక్కటీ మర్చిపోలేదు.

అప్పుడే పైన పెళుక్కుమంది. గునపం కప్పుకి తగిలి పెంకుని పగలగొట్టింది. కంతలోంచి ఎండ కడ్డీలా లోపలికి దిగింది. గునపం ఆ వెలుగులోకి తల దూర్చింది.

పురికొసలు కట్టడానికి గోడకి వేసి ఉంచిన నిచ్చెన ఎక్కడం చూశారు గానీ ఎలా ఎక్కిందో ఎవరూ చెప్పలేరు. పద్దెనిమిది మెట్లు రెండంగల్లో ఎక్కింది కోడలు. గునపం చివర దొరకబుచ్చుకుంది. అది ఆగలేదు. ఆవిడ కాళ్లు నిచ్చెన వదిలేశాయి. ఇంకో రెండు పెంకులు రాలాయి. గునపం సగం ఆకాశంలో, సగం గదిలో. దాని కొసకి వేలాడుతూ కోడలు.

"వదిలెయ్యమ్మా!" అని డ్రైవరు అరిచాడు. "గంటలాంటిదే అదీ! మనిషిని కూడా పట్టుకుపోద్ది!"

"పోనీ!" అంది పైనుంచి. "పట్టుకుపోనీ!"

ప్రెసిడెంటు ఎగిరి కాళ్లు అందుకోబోయాడు, అందలేదు. కింద టైలరక్క నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ వెనక్కి విరిచి, కన్నీళ్లు చెవుల్లోకి కారిపోతుంటే కేకేసింది. "చెప్పవే! పోయేదానివి చెప్పేసి పో!"

కోడలి తల పెంకుల దాకా వచ్చింది. ఇంకో మూర వెళ్తే ఎండే. అప్పుడు చెప్పింది. గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా ఇంజను మోతలోంచి ఒక్క ముక్క పొల్లుపోకుండా కిందున్నవాళ్లందరికీ వినపడింది.

"ఆయన తనంతట తాను దిగలేదు. నేను దింపాను.

"ముందు రోజు సాయంత్రం ఆయన ఈ నేలకి చెవి పెట్టి విన్నాడు. నీళ్లు ఊరి బయట లేవు, మ్యూజియం కిందున్నాయి అన్నాడు. ఎవరో నిద్రలో నవ్వుతున్నట్టుందే అన్నాడు. మామయ్యని అడిగాడు. మామయ్య, నా ఒంట్లో ప్రాణముండగా ఈ నేలలో గునపం దిగదు, నా వస్తువులు కదిలితే ఊరుకోను అన్నారు. ఆయన మారు మాట్లాడలేదు. తెల్లారి పెరటి గుమ్మంలో కూర్చుని, ఆ బయట బావి మట్టి వదులుగా ఉందే, ఇవాళ దిగనే, రెండ్రోజుల్లో నాన్నకి నచ్చజెప్తా అన్నాడు.

"నేను అప్పుడే ట్యాంకరు దగ్గర కొట్లాడి ఖాళీ బిందెతో వచ్చాను. వంక పెడుతున్నాడనుకున్నాను. మీ నాన్నకి ఎదురు చెప్పలేవు, గోతిలోకి దిగలేవు, ఇంక నువ్వెందుకు అన్నాను. ఆ మాటే అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, గునపం భుజాన వేసుకుని పోయాడు. తిని వెళ్లమని కూడా అనలేదు నేను. అంతే. తొమ్మిదేళ్లుగా ఊరు నీళ్లకి ఏడుస్తుంటే, ఇక్కడున్నాయన్నాడని నేను చెప్పలేదు. అది చెప్తే మిగతాది కూడా చెప్పాలిగా..."

గునపం ఆగింది.

ఆగి, ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు నిలబడి, బరువెక్కింది. మామూలు బరువు కాదు. తొమ్మిదేళ్ల పాటు మింగిన మాట బరువు. కోడలి చేతులు జారిపోయాయి. ఆవిడ లారీ కోసం మడిచి పెట్టిన టార్పాలిన్ల మీద పడింది. గునపం సూటిగా, మొద్దుబారిన మొన ముందుకి పెట్టి, తాత కుర్చీకి బెత్తెడు దూరంలో నేల మీద పడింది. పడటం కాదు, దిగింది. వెన్నలో వేలు దిగినట్టు, మనిషెత్తు గునపమూ దిగి, కొస మాత్రం పిడికెడు పైన మిగిలింది. ఆ అదురుకి బల్లలన్నీ ఎగిరి పడ్డాయి, ఊరి చివర మేకలు మోకాళ్ల మీద కూర్చున్నాయి, లారీ ఇంజను దానంతటదే ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో కింద, ఎక్కడో చాలా కింద, ఎవరో నిద్రలో నవ్వుతున్న చప్పుడు.

మొదట గునపం చుట్టూ మట్టి రంగు మారింది. తర్వాత మెరిసింది. తర్వాత వెచ్చగా, బురదగా, ఆ తర్వాత చల్లగా, తేటగా, ఒక సన్నని పాయ కోడలు ఊడ్చిన నేల మీద వంకర్లు తిరుగుతూ వెళ్లి తాత పాదాలకి తగిలింది.

తాత కాళ్లు ముడుచుకున్నాడు. "అమ్మాయ్, ఎవరో నీళ్లు ఒలకబోశారు. కాస్త తుడువు" అన్నాడు.

ప్రెసిడెంటు మోకాళ్ల మీద కూలబడి దోసిలి పట్టాడు. డ్రైవరు లారీలోంచి డబ్బా తెచ్చాడు. టైలరక్క ఎవరినీ చూడకుండా కోడలి పక్కన కూర్చుని, ఆవిడ తలని తన భుజానికి ఆనించుకుని, "ఏడు. ఇప్పుడు ఎన్ని నీళ్లు పోయినా ఫర్వాలేదు" అంది.

ఆ లారీ ఖాళీగా వెళ్లింది. వెళ్లినవాళ్లలో సగం మంది నెలలోపు దాన్నే ఎక్కి తిరిగొచ్చారు. మిగతా సగం రాలేదు. వాళ్ల తాలూకు వస్తువులు ఒక్కొక్కటీ కప్పు కంతలోంచి వెళ్లిపోయాయి. వాటిని ఆపడం కోడలి వల్ల కాలేదు, ఎవరి వల్లా కాలేదు. నూట నలభై రెండింటిలో ముప్పై ఒకటి మిగిలాయి. గునపం చుట్టూ వరసలు కట్టి బావి చేశారు. బావి ఉన్న మ్యూజియం లోకంలో అదొక్కటే. గునపాన్ని పైకి లాగి చూద్దామని ఒకసారి నలభై మందీ, రెండు జతల ఎడ్లూ, అదే లారీ కలిసి లాగితే లారీ ముందు భాగం ఊడొచ్చింది గానీ గునపం వెంట్రుకవాసి కదల్లేదు.

కథ చెప్తున్నంత కాలమే కదలదు. అది అందరికీ తెలుసు. చెప్పడం మానితే గునపం లేస్తుంది, గునపం లేస్తే నీళ్లు దారి మర్చిపోతాయి. అందుకని రోజూ పొద్దున్నే, బిందెలతో వచ్చిన ఊరందరి ముందూ, కోడలు తను అన్న మాట తన నోటితో చెప్పాలి. వంక అనుకున్నాను. నువ్వెందుకు అన్నాను. తిని వెళ్లమనలేదు. జనం బిందెలు దించుకుని, చప్పుడు చెయ్యకుండా నిలబడి వింటారు. ఈసారి కథ ఇంటికి పట్టుకెళ్తారు.

అందరికన్నా ముందు వరసలో, కుర్చీలో, తాత ఉంటాడు. ప్రతి పొద్దునా మొదటిసారి విన్నట్టే వింటాడు. కథ అయిపోయి, బిందెలు నిండి, జనం వెళ్లిపోయాక, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగుతాడు.

"అయితే ఆ ముసలాడు ఇక్కడ తవ్వనివ్వలేదా?"

"లేదు మామయ్యా."

"ఎంత మొండి ఘటమమ్మా! కొడుకుని పోగొట్టుకున్నాడే! ఉన్నాడా ఇంకా?"

"ఉన్నాడు. పాపం, ఆయనకి తెలియదు మామయ్యా."

తాత బావిలోకి తొంగి చూస్తాడు. తర్వాత, రోజూ అడిగినట్టే, అడుగుతాడు.

"మరి ఆ పిల్ల? ఆ మాటన్న పిల్ల?"

కోడలు చేద దించి, నీళ్లు తోడి, గ్లాసు నింపి ఆయన చేతికిస్తుంది. తాత ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, తనే తల ఊపుతాడు.

"దాన్ని మాత్రం ఏమంటాంలే అమ్మా. దాహం వేసుంటుంది."